గువ్వ ఎవరి పేరు

యానాం,
జూన్ 18, 2006

వేదవల్లి అత్తకు,

ఈ ఉత్తరం చూడగానే కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూస్తావని తెలుసు. అవును, నేనే రాస్తున్నాను, తెలుగులోనే! పాండిచ్చేరిలో మన సారం పేటలో పుట్టి, ఇంట్లో తెలుగు మాట్లాడి, బయట తమిళం రాసి ఇరవై ఆరేళ్ళు బతికినదాన్ని, యానాం కోడలినయ్యాక పలక పట్టాను. నేర్పింది మా అత్తగారు. పేపరు చదవడం అయిపోగానే నా చేతికిచ్చి, "హెడ్డింగులు గట్టిగా చదువమ్మాయ్, నే వింటా" అంటుంది. అన్నీ వచ్చాయి గానీ క, గ దగ్గర మాత్రం ఇంకా తడబడుతున్నాను. తమిళంలో రెండింటికీ ఒకటే అక్షరం కదా, చేతికి ఆ అలవాటు పోవడం లేదు. తప్పులుంటే దిద్దుకో, తిట్టకు.

ఫోను చెయ్యొచ్చుగా అని నువ్వెలాగూ అనవు. ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో కూర్చుని ఊరందరి మాటలూ కలిపావు, ఇప్పుడు నీ ఇంట్లో ఫోను మోగినా పక్కింట్లో మోగినట్టు కదలకుండా కూర్చుంటావని అమ్మ చెప్పింది. ఇక్కడ చూస్తే ఫోను హాల్లో, సరిగ్గా మా అత్తగారి కుర్చీ పక్కన. ఆమె మంచిదే. కానీ నేను "యాడ", "ఏంది" అనగానే పకపకా నవ్వుతుంది. "యాడా ఏందీ ఏంటే! మీ పాండిచ్చేరి వాళ్ళు తెలుగుని ఆవకాయలా ఊరేసి దాచుకున్నారా?" అంటుంది. ఎదురు చెప్పలేను, నవ్వలేను. ఒక్కోరోజు మన మాట వినాలని ప్రాణం కొట్టుకుంటుంది అత్తా.

అసలు సంగతి రాయకుండా ఏదేదో రాస్తున్నాను. నాకు నాలుగో నెల. నాన్న ఉండి ఉంటే ఈ వార్తకి వీధి వీధంతా మిఠాయి పంచేవాడు. విజయరంగన్ గారి అమ్మాయి అనిపించుకుని రెండేళ్ళయింది, ఇక్కడ ఎవరికీ ఆయన పేరు కూడా తెలీదు.

పేర్ల వేట మొదలైంది. ఆడపిల్లే అని నా మనసు చెబుతోంది. మా ఆయన ఇంటర్నెట్ సెంటరుకి వెళ్ళి ఎక్కడెక్కడి పేర్లో తెచ్చి వినిపిస్తాడు. ఒక్కటీ నోట్లో నిలవదు. నాకు మాత్రం ఒకటే మాట పదేపదే గుర్తొస్తోంది. అవ్వ మంచం పట్టినప్పుడు నేను మూడో క్లాసు. ఒక సాయంత్రం ఆమె దగ్గర కూర్చుని ఉంటే కళ్ళు తెరిచి కిటికీ వైపు చూసి, "కువ్వా, యాడుండావు కువ్వా? తలుపెయ్యి, జల్లు కొడతా ఉండాది" అంది. కిటికీ మీద పావురం లాంటి చిన్న పిట్ట కూర్చుని ఉంది. దాన్నే పిలుస్తోందనుకున్నాను. పిట్ట తలుపెలా వేస్తుందని కూడా అనుకున్నాను. ఇంతలో నువ్వు వచ్చి వేశావు.

కువ్వ అంటే ఏ పిట్ట అత్తా? అది ఎక్కడి మాట? ఎవరికైనా పెట్టారా ఆ పేరు? నాకు అదే కావాలనిపిస్తోంది. అవ్వ ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో ఎంత ప్రేముందో నాకింకా వినిపిస్తోంది.

వెంటనే రాయి. ఆలస్యం చేస్తే అలుగుతాను.

నీ సుధ


ముదలియార్‌పేట, పాండిచ్చేరి,
జులై 9, 2006

సుధా,

నీ అక్షరాలు కోడి గీరినట్టున్నాయి. అయినా చదవగలిగాను. సంతోషించాను కూడా. రెండుసార్లు చదివాను. తడి గచ్చు మీద చూసుకుని నడువు. మీ అత్తగారు నవ్వితే నవ్వనీ, నువ్వూ ఆవిడ "వెళ్ళిపోద్దంట", "వచ్చేద్దంట" విని నవ్వు. లెక్క సరిపోతుంది.

కువ్వ అనే మాట తెలుగులో లేదు. మా నాన్న సుబ్బరాయలు గారు ఇంటి పంచలో కూర్చోబెట్టి దిద్దించిన తెలుగు నాది, కాబట్టి ధైర్యంగా చెప్పగలను. మీ అవ్వ ఆ రోజుల్లో జ్వరంలో ఏవేవో అనేది. పిట్టనే పిలిచి ఉంటుంది. దాన్ని పట్టుకుని పుట్టబోయే పిల్లకు పేరంటావేమిటి? పిట్ట పేరే కావాలంటే హంస ఉంది, చక్కగా ఉంటుంది. శారిక ఉంది. శారిక అంటే గోరింక, వాగుడుకాయ పిల్లలకు సరిపోతుంది, నీ కడుపున పుట్టేది ఎలాగూ అదే. చకోరి అని కూడా పెట్టుకోవచ్చు, వెన్నెల తాగే పిట్ట అంటారు. ఏదో ఒకటి ఏరుకో.

నా సంగతులు రాయడానికి ఏమీ లేవు. మేడ మీద రెండు గదులు, కింద ఓనర్లు. ఓనరు భార్య మీనా మంచి మనిషి, కానీ ముక్కు పొడుగు. నేను వారం వారం వీధి చివర ఆదిమూలం పిండి మిల్లుకి వెళ్ళొస్తాను. ఇంట్లో రాగి పిండి, బియ్యప్పిండి, సజ్జపిండి డబ్బాల నిండా ఉన్నాయి. "ఏమక్కా, ఒక్క మనిషికి ఇంత పిండి ఎందుకు?" అని మీనా ఆరా. నా రాగులు, నా డబ్బాలు, నా ఇష్టం అన్నాను. కొంత పురుగు పట్టింది. కొంత సారంలో మీ అమ్మకి పంపాను. ఆమె దోసెలు పోసుకుంటే పోసుకుంటుంది, లేకపోతే గోడలకు పూసుకుంటుంది.

సాయంత్రాలు పొద్దు పోదు. పాత ఎక్స్ఛేంజీ వాళ్ళెవరైనా వస్తారేమోనని వాకిలి వైపు చూస్తాను, రారు. వాళ్ళకీ మోకాళ్ళ నొప్పులే. ఇక చాలు. మజ్జిగ ఎక్కువ తాగు.

వేదవల్లి


యానాం,
ఆగస్టు 27, 2006

వేదవల్లి అత్తకు,

గోదావరి మా వీధి మొదటి దాకా వచ్చి చూసి వెళ్ళింది. రోడ్లు తెగి నీ ఉత్తరం ఎక్కడో నానుతూ ఉండి ఆలస్యంగా చేరింది. మేం బాగానే ఉన్నాం, కంగారు పడకు.

అత్తా, నువ్వు దొంగవి! కువ్వ అనే మాట లేదన్నావు. నిజమే, లేదు. గువ్వ ఉంది!

నీ ఉత్తరం చదివి మొహం వేలాడేసుకుని కూర్చుంటే మా అత్తగారు ఏమైందని అడిగింది. చెప్పాను. అవ్వ ఎలా పిలిచిందో అలాగే పిలిచి చూపించాను. ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది. "నోటితో గువ్వ అంటున్నావు, చేత్తో కువ్వ అని రాస్తున్నావు. నీ చెయ్యి అరవ చెయ్యే పిచ్చిమొహమా! గువ్వంటే నీకు తెలీదూ? పావురాయి కన్నా చిన్నది, మెడ వెనకాల నల్లటి చుక్కల పట్టీ ఉంటది. మా లంక తోటల్లో కొబ్బరి మట్టల మీద జంటలు జంటలుగా కూర్చుంటాయి. మనసులో ఎంత దిగులున్నా ఆ కూత వింటే చల్లబడిపోద్ది" అంది. మర్నాడు కాలవ గట్టుకి తీసుకెళ్ళి చూపించింది. మెడ చుట్టూ చుక్కల చీరకొంగు కప్పుకున్నట్టు ఉంది. చూడగానే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఈ మధ్య ప్రతిదానికీ వస్తున్నాయిలే.

మా ఆయనకి పేరు నచ్చింది. "క్లాసులో ఇంకెవరికీ ఉండదు" అన్నాడు. అత్తగారు అప్పుడే కడుపు మీద చెయ్యి పెట్టి "గువ్వమ్మా" అని పిలుస్తోంది.

అయితే ఆవిడ ఒక్క మాట అడిగింది. "మీ ఇంట్లో ఎవరికైనా ఆ పేరుందా? పోయినవాళ్ళదైతే మంచిదే, పెద్దల పేరు నిలబెట్టినట్టు. బతికున్న మనిషిది మాత్రం కాకూడదమ్మాయ్. ఆ మనిషి ఆయుష్షు పిల్లకొచ్చేస్తదంటారు. మా ఇంటా వంటా లేదది, నేనుండగా ఒప్పుకోను." ఇది నవ్వుతూ చెప్పలేదు.

అందుకని ఒక్క ముక్క రాయి అత్తా. అవ్వ పిట్టనే పిలిచింది, అది ఎవరి పేరూ కాదు అని. నువ్వు రాస్తే ఖాయం చేసేస్తాం. రాయకపోతే మా అత్తగారి తల్లిగారి పేరు వీరవెంకమ్మ నా పిల్ల నెత్తిన పడుతుంది. ఆలోచించు!

నీ సుధ


ముదలియార్‌పేట, పాండిచ్చేరి,
సెప్టెంబర్ 10, 2006

సుధా,

అది ఎవరి పేరూ కాదు. పెట్టుకోండి.

ఒకటే చెప్తాను, బాగా గుర్తుపెట్టుకో. పిల్ల పేరు ఎక్కడ రాసినా తెలుగులో రాయించు, ఇంగ్లీషులో అయితే జీ అక్షరంతో. తమిళంలో మాత్రం రాయొద్దు. మీ ఆయనకి బదిలీ అయి మళ్ళీ ఈ ఊరు వచ్చినా సరే, ఇక్కడి బడిలో వేసినా సరే, మొదటి రోజే నువ్వు వెళ్ళి టీచరుకి నోటితో పలికి చూపించు. గు అని. రెండుసార్లు అనిపించు. మొహమాటపడకు.

ఆదిమూలం మిల్లు మూసి ఉంది. ఆసుపత్రిలో ఉన్నాడట. వేరే మిల్లు బస్టాపు దగ్గరుంది, అక్కడికి వెళ్ళాలనిపించలేదు.

మా కిటికీ మీదికి ఈ మధ్య ఒక గువ్వ వస్తోంది. బియ్యం వేస్తే తింటుంది, పిండి వేస్తే మొహం తిప్పుకుంటుంది.

వేదవల్లి


యానాం,
అక్టోబర్ 8, 2006

వేదవల్లి అత్తకు,

ఒకటో తేదీ నుంచి మన ఊరి పేరు పుదుచ్చేరి అట కదా. కవరు మీద పాండిచ్చేరి అని రాసి, కొట్టేసి, పుదుచ్చేరి అని రాసి, పోస్టుమాన్ తికమక పడతాడేమోనని మళ్ళీ రెండూ రాశాను. పేరు మారితే ఊరికి ఏమీ అనిపించదా అత్తా?

డాక్టరమ్మ నన్ను రైలెక్కొద్దంది. అందుకే పురుడు ఇక్కడే. అమ్మ సారం ఇంటికి తాళం వేసి నిన్ననే వచ్చింది. నీ పిండి మూటతో వచ్చింది! అత్తగారూ అమ్మా కలిసి నీ రాగులతో సంకటి చేశారు. ఒకరు "ముద్ద" అంటారు, ఒకరు "కలి" అంటారు, తినేది మాత్రం నేను.

ఇప్పుడు అడుగుతున్నాను, కోప్పడకు. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఎవరిదీ కాని పేరుకి అన్ని జాగ్రత్తలెందుకు అత్తా? తమిళంలో రాయొద్దని అంత గట్టిగా ఎందుకు చెప్పావు? ఎవరికో దెబ్బ తగిలితేనే ఆ జాగ్రత్త తెలుస్తుంది.

అమ్మని అడిగాను. వంకాయలు తరుగుతూ చెప్పింది: "మీ అత్తను మీ అవ్వ ఏందో ఇంకో పేరుతో పిలస్తా ఉండె పాపా. నేను కాపురానికి వచ్చిన కొత్తలో విన్నా. నేను గదిలోకి పోతే ఆపేస్తుండె. ఏందో అని నేనూ అడగలా. మీ నాయన అక్కా అనేవాడు, నేను వదినా అంటా, ఇంక పేరుతో పనేముండాది?"

ఆ సాయంత్రం అవ్వ తలుపెయ్యమంది. వేసింది పిట్ట కాదు, నువ్వు.

అత్తా, గువ్వ ఎవరు?

సుధ


ముదలియార్‌పేట, పుదుచ్చేరి,
నవంబర్ 5, 2006

సుధా,

ఆదిమూలం పోయాడు. మిల్లు తెరిచి ఉంటుందేమోనని రాగుల సంచి పట్టుకుని వెళ్ళాను. షట్టరు మీద దండ వేసిన ఫొటో అతికించి ఉంది. ఆ సంచితోనే వాళ్ళింటికి వెళ్ళాను.

గువ్వ ఎవరని అడిగావు. నేనే.

ఇదిగో, రాసేశాను. చెయ్యి ఏమీ విరగలేదు. ఇప్పుడు మొదటి నుంచి చెప్తాను, వీపు వెనక దిండు పెట్టుకుని కూర్చో.

నేను కడుపులో ఉండగా ఇక్కడి ఐప్పసి నెల వానల్లో ఒక గువ్వ మా పాత ఇంటి పురిటి గదిలో, కిటికీ పైన లాంతరు తగిలించే కొక్కెం మీద గూడు కట్టింది. గూడంటే ఏముంది, నాలుగు పుల్లలు. గువ్వకు గూడు కట్టడం చేతకాదు, గుడ్లు కింది నుంచి కనిపిస్తుంటాయి. కిటికీ తలుపు వేస్తే దానికి దారి ఉండదు. వెయ్యకపోతే జల్లంతా మంచం మీదికే. నిండు చూలాలున్న ఇంట్లో గుడ్ల మీది పిట్టను లేపకూడదని మా అమ్మ, అంటే మీ అవ్వ జయమ్మాళ్, ఒకటే పట్టు పట్టింది. ఎవరు చెప్పినా వినలేదు. చివరికి మా నాన్న పెద్ద గొడుగొకటి తెచ్చి మంచం కోడుకి కట్టాడు. ఆ గొడుగు కింద పుట్టాను నేను. గువ్వ పిల్లలు ఎగిరిపోయిన రోజు కిటికీ వేసి, ఆ రోజే నాకు పేరు పెట్టారు. నువ్వడిగిన పేరు పుట్టుక ఇదీ. పురాణమూ లేదు, నక్షత్రమూ లేదు. చనిపోయే ముందు మా అమ్మకు గుర్తొచ్చింది ఆ జల్లే.

ఇంట్లో పలక మీద నాన్న నాకు "గువ్వ" అని రాసిచ్చేవాడు. బడిలో వేసేటప్పుడు తమిళ అయ్యవారు రిజిస్టరులో ఎక్కించారు. గకి వేరే అక్షరం లేదు, మన మాట ఆయనకి తెలీదు, ఆ పిట్టను వాళ్ళు "పురా" అంటారు. ఆయన్ని తప్పు పట్టడానికి లేదు. కువ్వమ్మాళ్ అని హాజరు పిలిచేవారు. నాకూ అలవాటైపోయింది.

పక్క వరుసలో ఆదిమూలం కూర్చునేవాడు. వాళ్ళ నాన్న మద్రాసుకి లారీ తోలేవాడు. సెలవుల్లో వీడూ ఎక్కి వెళ్ళేవాడు. మద్రాసు నడి ఊళ్ళో కూవం అని ఒక ఏరుందని, ఊరి మురికంతా అందులోకే పోతుందని, వంతెన మీద లారీ వెళ్తుంటే అందరూ ముక్కు మూసుకుంటారని వచ్చి కథలు చెప్పాడు. మర్నాడు హాజరులో నా పేరు రాగానే ముక్కు మూసుకుని "కూవం" అన్నాడు. అంతే! క్లాసు క్లాసంతా ముక్కులు మూసుకుంది. అయ్యవారు కూడా మొహం పక్కకు తిప్పుకుని నవ్వారు. ఆ తర్వాత నేను వీధిలో వెళ్తుంటే ముక్కులు మూసుకునేవాళ్ళు. నా పక్కన కూర్చుని అన్నం తినేవాళ్ళు కాదు. నేను స్నానం చేసి, మళ్ళీ చేసి, బడికి వెళ్ళేదాన్ని సుధా. పేరుదా కంపు, నాదా అని నాకే అనుమానమొచ్చింది.

ఇక బడికి వెళ్ళనని మొండికేశాను. నాన్న నన్ను హెడ్మాస్టరు దగ్గరికి తీసుకెళ్ళి, పేరు మార్చమన్నాడు. "ఏం పేరు?" అన్నాడాయన. నాన్న నా వైపు చూశాడు. గోడ మీద మద్రాసు కొట్టు వాళ్ళ కేలండరు ఉంది. అందులో అమ్మవారి బొమ్మ, కింద వేదవల్లి తాయార్ అని పేరు. నేను వేలు చూపించాను. అలా అయ్యాను వేదవల్లిని. నాన్న మాట మీద నిలబడే మనిషి. ఆ రోజు నుంచి ఇంట్లో కూడా వేదవల్లీ అనే పిలిచాడు. అమ్మ ఒప్పుకోలేదు. ఎవరూ లేనప్పుడు గువ్వా అనేది. ఆమె పోయాక ఇక ఎవరూ అనలేదు. ఎక్స్ఛేంజీలో నా పేరు ఎవరికీ అక్కర్లేదు, "హలో" అంటే సరిపోయేది.

రిటైరై ఈ ఇంటికి మారాక మొదటిసారి పిండి మిల్లుకి వెళ్ళాను. ఒళ్ళంతా పిండి కొట్టుకుపోయిన ముసలాయన తలెత్తి నన్ను చూశాడు. చూసి, చూసి, "ఎన్న కూవం, సౌక్యమా?" అన్నాడు. ఏం కూవం, బాగున్నావా అని! నలభై ఏళ్ళ పైమాట, ఒక్క క్షణంలో గుర్తుపట్టాడు. చెంప పగలగొడదామన్నంత కోపమొచ్చింది. పిండి తీసుకుని, చిల్లర కూడా తీసుకోకుండా వచ్చేశాను.

మరుసటి వారం మళ్ళీ రాగులు కొన్నాను.

ఇప్పుడు తెలిసిందా డబ్బాల సంగతి? వాడు అనేది తిట్టే. కానీ లోకంలో ఆ పేరు చుట్టుపక్కలకి వచ్చేవాడు వాడొక్కడే మిగిలాడు. "ఎన్న కూవం" అంటాడు, నేను "నోర్మూసుకుని పిండి ఆడు" అంటాను. అంతే మాట. ఆ మాట కోసం వారమంతా ఎదురుచూసేదాన్ని. సిగ్గులేదా అంటే లేదు. ఉంటే ఇన్ని రాగులు కొంటానా?

వాళ్ళింటికి వెళితే ఆయన భార్య తలుపు దగ్గరే ఎవరు మీరని అడిగింది. వేదవల్లి అని చెప్తే ఆమెకేం తెలుస్తుంది? "కూవం" అన్నాను. ఆమె నన్ను పట్టుకుని ఏడ్చింది. మధ్యలో నవ్వింది కూడా. "ఓ, నీవేనా అమ్మా! వారం వారం వచ్చి చెప్పేవారు, ఈరోజు కూవం వచ్చింది, బాగా తిట్టింది అని" అంది. కాఫీ ఇచ్చింది. ఇద్దరం చాలాసేపు కూర్చున్నాం.

నీకు రెండుసార్లు అబద్ధం రాశాను. మొదటిసారి సిగ్గేసి. రెండోసారి సిగ్గు కాదు. నిజం చెబితే మీ అత్తగారు పేరు ఆపేస్తారు. చెప్పకపోతే యానాంలో ఒక ఇంట్లో రోజూ ఎవరో ఒకరు గువ్వా అన్నానికి రా, గువ్వా జడ వేయించుకో అని అరుస్తారు. నాకు వినపడకపోతేనేం, ఆ పేరు ఎక్కడో బతుకుతుంది కదా అనుకున్నాను. ఆయుష్షు పోతే పోనీ. దాంతో నేనేం చేస్తున్నాను, పిండి ఆడించడం తప్ప?

ఇప్పుడు పిండీ లేదు. మీనా అక్కా అంటుంది, మీ అమ్మ వదినా అంటుంది, నువ్వు అత్తా అంటావు. ఎవరి పిలుపులోనూ తప్పు లేదు. కానీ అవన్నీ మీ వైపు నుంచి నేనేమవుతానో చెప్పేవి. నన్ను నన్నుగా పిలిచేవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. చాలా ఒంటరిగా ఉంది సుధా. అటూ ఇటూ తిప్పకుండా రాయాలంటే ఇదే మాట.

పేరు పెట్టుకో. మీ అత్తగారికి చెప్పకు. ఇది చదివి చించెయ్యి.

వేదవల్లి


యానాం,
డిసెంబర్ 17, 2006

గువ్వత్తకు,

చించలేదు. చెప్పకుండానూ ఉండలేదు. నన్ను తిట్టుకో, కానీ ఇది చివరి దాకా చదివి తిట్టుకో.

ఆడపిల్లే! నీ ఉత్తరం వచ్చిన తర్వాతి వారం పుట్టింది. నల్లగా, గుండ్రంగా, మా నాన్న ముక్కుతో ఉంది. ఏడుపు మొదలుపెడితే గోదావరి అవతలికి వినిపిస్తుంది. అమ్మ వేడినీళ్ళు కాస్తూ రోజంతా నీ గురించే చెబుతోంది. "ముప్పై ఏండ్లు ఒకింట్లో ఉండాము, ఒక్కసారి కూడా అడగలేదు చూడు" అని ఏడుస్తోంది.

పురిటి మంచం మీద పడుకుని మనసులో దాచుకోలేకపోయాను. పేరు పిల్ల చెవిలో చెప్పబోతే నోరు రాలేదు. నీ ఆయుష్షు మీద పందెం కట్టి పిలవాలా నేను? అందుకే మా అత్తగారిని కూర్చోబెట్టి నీ ఉత్తరం గట్టిగా చదివాను, హెడ్డింగులు చదివినట్టే, తడబడుతూ. కూవం దగ్గర ఆమె పళ్ళు కొరికింది. గొడుగు దగ్గర కొంగు కళ్ళకద్దుకుంది. రాగుల దగ్గర లేచి వెళ్ళి, వంటింట్లో నీ పిండి డబ్బా మూత తీసి చూసి, మళ్ళీ వచ్చి కూర్చుంది.

"ఉన్న మనిషి పేరు లాక్కుంటామేంటే? ఆవిడ పేరు ఆవిడకిచ్చెయ్" అంది. వీరవెంకమ్మ ఖాయం అనుకున్నాను.

ఆమె పిల్ల వైపు తిరిగి, "అయితే వేదవల్లి ఎవరి పేరమ్మాయ్?" అంది.

"కేలండర్లో అమ్మవారిది" అన్నాను.

"మీ అత్త అసలు పేరు గువ్వ. అది ఆవిడకి ముట్టజెప్పేశాం. ఇంక వేదవల్లి ఖాళీగానే ఉంది కదా!"

నేనూ అమ్మా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మా ఆయన "ఈ కాలంలో వేదవల్లి ఏంటమ్మా" అని గొణిగాడు. "నోర్మూసుకో, వల్లీ అని పిలుచుకో, నీ నోరేం అరిగిపోదు" అంది. బారసాలనాడు మా ఆయనే పళ్ళెంలో బియ్యం పోసి ఉంగరంతో వేదవల్లి అని రాశాడు. ఆ పళ్ళెం ఓరన నేను వేలితో ఇంకో పేరు రాశాను. గ తోనే రాశాను, తడబడలేదు.

కాబట్టి నీకిక వేదవల్లి లేదు. నలభై ఏళ్ళకు పైగా వాడుకున్నావు, చాలు, అది నా కూతురిది. నువ్వు మళ్ళీ అడిగినా ఇవ్వను.

ఇంకో మాట. తమిళంలో కూవు అంటే కూయడం, గొంతెత్తి పిలవడం కదా అత్తా. ఆదిమూలం మామకి చిన్నప్పుడు అది తోచి ఉండదు. మిల్లులో తోచిందేమో, మనకేం తెలుసు.

క్రిస్మస్ ముందు ఆదివారం పొద్దున నీ ఇంట్లో ఫోను మోగుతుంది. దాని మీద కప్పిన గుడ్డ తీసి పెట్టు. బాగా వినబడే చెవికి పెట్టుకో. కబుర్లేమీ చెప్పను, హాల్లో అందరూ ఉంటారు. పిలుస్తాను. నువ్వు పలికితే చాలు.

నీ సుధ


ముదలియార్‌పేట, పుదుచ్చేరి,
డిసెంబర్ 26, 2006

సుధా,

గుడ్డ శనివారమే తీశాను. ఫోను తుడిచాను. స్నానం చేసి, మంచి చీర కట్టుకుని దాని ఎదురుగా కూర్చున్నాను. మీనా ఎవరైనా వస్తున్నారా అక్కా అంది. అవునన్నాను.

మోగగానే ఎత్తాను. పాత అలవాటు, నోట్లోంచి "నంబర్ ప్లీజ్" అని వచ్చింది. నువ్వు నవ్వలేదు. "గువ్వత్తా" అన్నావు. వెనక నుంచి మీ అత్తగారు "గువ్వమ్మగారూ, బాగున్నారా?" అని కేకేశారు. ఆవిడ గకి మన గకి తేడా లేదు, చక్కగా పలికారు. ఆ తీగ మీద ఈ ఊరందరి పేర్లూ విన్నాను. నా పేరు వినడం అదే మొదటిసారి.

పలకడం మానేసి రిసీవరు చెవికి గట్టిగా ఆనించుకున్నాను. నువ్వు ఇంకోసారి పిలిచావు. నేను పెట్టేశాను. లైను కట్టయిందని అనుకుని ఉంటారు. లైను బాగానే ఉంది. పెట్టింది నేనే.

వేదవల్లికి దిష్టి తియ్యండి. మెడ నిలబడే దాకా ఎవరి చేతికీ ఇవ్వకు. ఆ పేరుతో నాకెప్పుడూ ఇబ్బంది రాలేదు, దానికీ రాదు. మిగిలిన పిండి ఆదిమూలం భార్యకు ఇచ్చాను, ఆమె కొళుక్కట్టలు, అదే మన ఉండ్రాళ్ళ లాంటివి, చేసి నాకే పంపింది.

వచ్చే ఆదివారం మళ్ళీ పిలువు. పలుకుతాను.

గువ్వ